బోనులో ఇద్దరికి చోటు

మొన్న జగదల్‌పూర్ కోర్టుకు ఏదో నకలు కాగితం కోసం వెళ్ళి, ఖాళీగా ఉన్న బల్ల మీద ఒక చివరకు ఒదిగి కూర్చుంటే, ఇంకెవరైనా రావాలా బాబాయ్ అని గుమాస్తా నవ్వాడు. అతనికి చెప్పలేదు గానీ, నా ఈడువాళ్ళు గనక మీకు చెబుతాను.

ఒకప్పుడు నేను అదే కోర్టులో దుబాసీని. కొంటాలో మా నాన్న కొట్టు దగ్గర బేరాలాడుతూ నేర్చుకున్న దోర్లీ, అడవిలోని దోర్లా గిరిజనుల భాషే నాకు అన్నం పెట్టింది, దాంతో నేనేదో పెద్ద పండితుణ్ణని అనుకునేవాణ్ణి కూడా. ఒకసారి ఒక దోర్లా రైతును హత్య కేసులో తెచ్చారు. ఇప్పపువ్వు ఏరుకునే చెట్టు ఎవరిదన్న తగువులో సొంత పెదనాన్న గొడ్డలెత్తి మీదికొస్తే, ఇతనూ గొడ్డలితో కొట్టాడు. రెండు దెబ్బలు. మొదటిది ప్రాణం కాపాడుకోవడానికేనని అందరూ ఒప్పుకున్నారు. కానీ ప్రాణభయం ఉన్నంతసేపే చట్టం ఆ హక్కు ఇస్తుంది, భయం తీరాక కొట్టిన దెబ్బకు శిక్ష తప్పదు. అందుకని కేసంతా ఒక్క ప్రశ్న మీదికి వచ్చింది: రెండో దెబ్బ పడేటప్పటికి పెద్దాయన చేతిలో గొడ్డలి ఉందా, లేదా?

ఆ మనిషి బోనులో ఎప్పుడూ ఒక పక్కకు ఒదిగి నిలబడేవాడు, మధ్యకు రమ్మని జవాను ఎంత కసిరినా కదిలేవాడు కాదు. వాళ్ళ ఇళ్ళలో చనిపోయిన పెద్దలకు ఒక మూల కుండ పెట్టి చోటిస్తారు, వాళ్ళ ఎదుట అబద్ధమాడరు. జడ్జిగారి ప్రశ్న నేను దోర్లీలో అడగగానే, అతను పక్కనున్న ఖాళీలోకి ఒకసారి చూసి, తెలుగు కలిసిన తన మాటలో మెల్లగా అన్నాడు.

“లేదు. గొడ్డలి జారిపోయింది, కిందపడి నీళ్ళడిగిండు. కోపమాగక కొట్టిన. పెదనాయన ఈడనే నిలబడి ఇంటుండు, అబద్ధమెట్ల చెప్త?”

నేను తలుపు వైపు చూశాను. బయట మెట్ల మీద అతని భార్య చంటిపిల్లను ఒళ్ళో వేసుకుని కూర్చుని ఉంది. ఆ మాట అర్థమైంది ఆ గదిలో నా ఒక్కడికే. జడ్జిగారి వైపు తిరిగి, గొడ్డలి చేతిలోనే ఉందట హుజూర్ అని హిందీలో చెప్పేశాను.

అతన్ని విడిచిపెట్టారు. తీర్పు చెప్పిన రోజున అతను బోను నడిమధ్యన నిలబడ్డాడు. దిగి వస్తూ, నా మొహం వైపు కాదు, నా భుజం పక్కకు చూసి దండం పెట్టి వెళ్ళిపోయాడు.

ఇప్పుడక్కడ ప్రతి మాటా యంత్రంలోకి ఎక్కుతోంది, నాలాంటివాడు ఒక మాట మింగేద్దామన్నా కుదరదు, మంచిదే. నాతో పనిచేసినవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు, ఆ పాత బల్లలూ పోయాయి. పెద్దాయన మాత్రం ఉన్నాడు. దాహంతో పోయిన మనిషి గదా అని రోజూ పొద్దున నా పక్కన ఒక గ్లాసు నీళ్ళు పెడతాను. మధ్యాహ్నానికి అవి తగ్గి ఉంటాయి. ఎండలకేలే అనుకుంటాను, వానాకాలంలో కూడా.