వంశధార గట్టున కచేరీ, కుదురులేని చెయ్యి

ఈ వేసవిలో నేను విన్నవన్నీ సగం కచేరీలే. ఏప్రిల్‌లో విజయనగరంలో ఒక వయొలిన్ కచేరీకి వెళ్ళి, పల్లవి ఎత్తుకోగానే లేచి వచ్చేశాను. శృంగవరపుకోట దగ్గర అమ్మవారి సంబరంలో తప్పెటగుళ్ళు చూడాలని ఎండలో పడి వెళ్ళాను. గుండెల మీద తప్పెట్లు కట్టుకుని ఆ బృందం మంచి ఊపులో ఉండగా, నేను రోడ్డు మీద బస్సు కోసం నిలబడి ఉన్నాను. కళింగపట్నం తీరాన సినిమా పాటల ఆర్కెస్ట్రాలో మూడో పాటకే లేచి, చేపలు ఆరబెట్టిన ఇసుకలో అటూ ఇటూ తిరిగాను. వెళ్ళకపోతే ఇంట్లో ఉండలేను, వెళ్తే అక్కడ కూర్చోలేను. జబ్బేమిటో కొంత తెలుసు. పగలు డిగ్రీ కాలేజీలో ఆర్థికశాస్త్రం, సాయంత్రం ఇంట్లో పిల్లలకు సంగీతం చెప్తాను. ఏళ్ళ తరబడి వాళ్ళ తాళం సరిచేసి సరిచేసి, ఎక్కడ పాట వినబడినా నా కుడిచెయ్యి తొడ మీదికి పోతుంది. ఎవరు ఎక్కడ జారారో పట్టుకుంటుంది. ఇక ఆ జారినచోటే నా చెవిలో ఉండిపోతుంది, మిగతా పాట నన్ను దాటి పోతుంది.

అలాంటి రోజుల్లో రేవతి ఫోన్ చేసింది. చిన్నప్పటినుంచి పెళ్ళి దాకా నా దగ్గరే పాట నేర్చుకున్న పిల్ల. శ్రీముఖలింగం వెళ్ళే దారిలో, వంశధార గట్టు మీది ఒక ఊళ్ళో వ్యవసాయదారుల కోడలైంది. కూతురు పుట్టాక పాట పూర్తిగా మానేసింది. "మా శివాలయం కల్యాణోత్సవాల్లో గంటన్నర పాడమన్నారు టీచర్. మీరు తప్పకుండా రావాలి. ఇది నిలబడితే మళ్ళీ మొదలుపెడతాను, లేకపోతే శ్రుతిపెట్టె అటక మీదే" అంది. ఒక్క కచేరీతో ఏం తేలుతుందే అన్నాను. "నాకు తేలాలి టీచర్. రోజూ పాడనా మాననా అనుకుంటూ ఎన్నాళ్ళని?" అంది. వెళ్తే మేలో, వెళ్ళకపోతే మేలో అని రెండు రోజులు తర్జనభర్జన పడి, చివరికి బయల్దేరాను.

మీరూ అటు వెళ్ళాలనుకుంటే దారి తేలికే. విజయనగరం కాంప్లెక్స్ నుంచి శ్రీకాకుళానికి ఆర్టీసీ బస్సులు తరచుగా ఉంటాయి, రెండు గంటల్లోపు దించేస్తాయి. అక్కడినుంచి నరసన్నపేటకు ఇంకో బస్సు, ఆపైన షేర్ ఆటో. నేను పదకొండింటికి బయల్దేరి, నరసన్నపేటలో ముంజెలు కొనుక్కుని, రెండున్నరకు ఆటో ఎక్కాను. ఖర్చంతా కలిపి మూడు వందల లోపే. ముఖలింగేశ్వరుణ్ణి కూడా చూడాలనుకుంటే మాత్రం పొద్దున్నే బయల్దేరండి. నాకు ఆ తీరిక దొరకలేదు, నిజానికి ఆ కుదురు లేదు. ఆటోలో నలుగురం. డ్రైవరు ఇంకో ఇద్దరి కోసం చూస్తున్నాడు, నేను గడియారం చూస్తున్నాను.

"ఎవులింటికమ్మా?" అన్నాడు.

"కచేరీకి."

"పాడ్డానికా?"

"వినడానికి. విజయనగరం నుంచి వస్తున్నాను."

అద్దంలోంచి నన్ను తేరిపార చూశాడు. "ఇనడానికి ఇజీనారం నుంచొచ్చినావా? ఆ పాటల కాడ ఎవులూ ఉండరమ్మా. అయ్యి అయిపోయాక కోలాటం ఉన్నాది, దానికైతే ఊరంతా వస్తాది."

"అప్పటిదాకా ఉంటానో లేదో."

"ఏం, పొయ్యి మీద ఏటైనా ఎట్టొచ్చినావా?"

ఆటో అంతా నవ్వింది. నేనూ నవ్వాను, కానీ మళ్ళీ గడియారం చూసుకున్నాను.

రేవతి అత్తగారు పార్వతమ్మ గుమ్మంలోనే చోడి అంబలి, అదే రాగి జావ, గ్లాసుతో చేతికిచ్చింది. నేను తాగేలోపే మాట మొదలుపెట్టింది. "టీచరమ్మా, మా కోడలు పొద్దుట్నుంచి మెతుకు ముట్టనేదు. నువ్వొస్తన్నావని బయం. అంత కొట్టీదానివా ఏటి?"

"ఎప్పుడూ చెయ్యెత్తలేదండీ."

"మరేటి బయం దానికి?"

నేను అంబలి గ్లాసు ఎత్తాను. ఈలోపు పట్టుచీరలో రేవతి వచ్చింది. ముందు వరుసలోనే కూర్చోమంది. "మీరు కనబడితే ధైర్యంగా ఉంటుంది టీచర్." కనబడకపోతేనే నయమేమో అనుకున్నాను.

ఆరు గంటలకు గుడి ముందు కొబ్బరాకుల పందిట్లో కచేరీ మొదలైంది. వర్ణం బాగానే వెళ్ళింది. తరవాతి కీర్తన మిశ్రచాపులో. ఏడు మాత్రల తాళం, కొంచెం ఆదమరిస్తే జారిపోతుంది. జారుతుందేమోనన్న భయంతో నా చెయ్యి తొడ మీద తాళం అందుకుంది. అనుపల్లవికి వచ్చేసరికి గమనించాను. రేవతి మృదంగం వైపు చూడడం లేదు, నా చెయ్యి చూస్తోంది. నేర్చుకునే రోజుల అలవాటు, అనుమానం వస్తే గురువు చేతిని చూడడం. కానీ ఆ చెయ్యి ఆ సాయంత్రం తొందరపడుతోంది. ఆమె దాన్ని నమ్ముకుని పరిగెత్తింది. మృదంగం వాయించే పెద్దాయన వేసిన కాలంలోనే నిలబడ్డాడు. పాట, మృదంగం వేరువేరుగా ముక్తాయింపుకు చేరాయి. ఆయన రేవతిని వదిలేసి నా వైపు గుర్రుగా చూశాడు. ఆమె నీళ్ళ గ్లాసు ఎత్తి, తాగకుండానే దించేసింది.

చెయ్యి తొడ కింద పెట్టుకున్నాను. కాలి బొటనవేలు అందుకుంది. ఇక్కడినుంచి వెళ్ళిపోవడమే ఆమెకు మేలనుకుని లేచాను. సగం లేచాక రేవతి మొహం చూశాను. శిష్యురాలి కచేరీ మధ్యలో గురువు లేచిపోవడమంటే తీర్పు చెప్పడమే. ఆ సంగతి నాకు అప్పుడుగానీ గుర్తు రాలేదు. లేస్తే ఒక కష్టం, కూర్చుంటే ఒక కష్టం. నడుం వంచి అలాగే ఉండిపోయాను.

వెనకనుంచి పార్వతమ్మ వచ్చింది, చంకలో మనవరాలు. "ఎక్కడికెల్తన్నావు? కూకో కూకో. ఈ గుంటని సూడు. ప్రసాదం కాడ నాను నేకపోతే ఆలు గంటె కూడా తిప్పరు" అంటూ నా జవాబు కోసం ఆగకుండా పిల్లను నా ఒళ్ళో పడేసింది. "టీచరమ్మ కాడ బుద్దిగుండు. అల్లరి సేసినావంటే అమ్మ పాట ఆపీసి దిగొస్తాది" అని దాన్నీ బెదిరించి, బేగి బేగి వెళ్ళిపోయింది.

రెండేళ్ళ పిల్ల. బుగ్గల నిండా బెల్లం జిగురు. కాసేపు నా గాజులు లాగి, మెళ్ళో గొలుసు నోట్లో పెట్టుకుని, నా కుడి మోచేతి మీద తల వాల్చి నిద్రపోయింది. నా రెండు చేతులూ దాని కిందే. పైనుంచి రేవతి నా చెయ్యి కోసం వెతికింది. కూతురు కనబడింది. ఒక క్షణం అలాగే చూసి, మృదంగం ఆయన వైపు తిరిగి కూర్చుంది. ఆయన తలాడించాడు. కల్యాణి రాగం ఎత్తుకుంది.

కొంతసేపు నా వేళ్ళు పిల్ల వీపు కింద లెక్క వేస్తూనే ఉన్నాయి. తరవాత చెయ్యి తిమ్మిరెక్కింది, లెక్క పోయింది. రేవతి గొంతులో ఒక జీర ఉంది, ఇదివరకు లేదు. కింది స్వరాల్లో అది మరీ బాగుంది. నేను నేర్పింది కాదు. ఒకచోట ఏదో తడబడినట్టనిపించింది. సరిగ్గా అప్పుడే పిల్ల కదిలింది. దాన్ని సర్దుకుని తలెత్తేసరికి పాట ముందుకు వెళ్ళిపోయింది, నేనూ దానితో వెళ్ళాను. మంగళం పాడుతున్నప్పుడుగానీ కచేరీ అయిపోవచ్చిందని తెలియలేదు.

వేదిక దిగగానే గుడి పెద్ద ఒకాయన "కార్తీకంలో కూడా పాడతావేటమ్మా?" అని అడిగాడు. రేవతి నా వైపు చూడకుండానే "పాడతాను బాబాయ్" అనేసింది. ఆ తరవాతే నా దగ్గరకు వచ్చింది.

"ఎక్కడెక్కడ పోయింది టీచర్? చెప్పండి."

"తెలీదే. తాళం వెయ్యలేదు."

"మొహమాటపడుతున్నారు."

"మొగమాటమేటి?" అంది పార్వతమ్మ, పులిహోర ఆకు నా ముందు పెడుతూ. "సెయ్యి తిమ్మిరెక్కి ఆకు కూడా అట్టుకోనేకపోతన్నాది, సూడు."

ఆ రాత్రికి వాళ్ళింట్లోనే ఉండి, పొద్దున బస్సు పట్టుకున్నాను. బస్సులో నన్ను పాత సందేహమే పట్టుకుంది. రేవతి నిజంగా బాగా పాడిందా, లేక తప్పులు పట్టే మనిషి ఆ పూట పనిలో లేదా? తేల్చుకోలేకపోయాను. ఆ మాట నన్నడక్కుండానే ఆమె కార్తీకానికి ఒప్పుకుంది కదా, ఇంక నేను తేల్చేదేముంది అని కూడా అనిపించింది. అలా అనిపించినందుకు కాస్త దిగులు, దిగులు వెనకాలే కాస్త తేలిక. జూన్‌లో పిల్లలు మళ్ళీ పాఠానికి వస్తారు. నా చెయ్యి ఏం చేస్తుందో చెప్పలేను.

ఊళ్ళలో కచేరీలు వినాలని బయల్దేరేవాళ్ళకు ఒక్క సలహా. వేదిక మీద ఉన్నది మీరు నేర్పిన మనిషో, మీరు పెంచిన మనిషో అయితే, ఎంత పిలిచినా ముందు వరుసలో కూర్చోకండి. తప్పనిసరైతే, పందిట్లో నిద్రకు ఏడుస్తున్న పిల్ల ఎవరిదో చూసి ఒళ్ళోకి తీసుకోండి. ప్రతి పందిట్లోనూ ఒకరైనా ఉంటారు, వాళ్ళ అమ్మలు కాదనరు.