మైదుకూరు దగ్గర ఒకే పోలిక ఆవుల ఇంట్లో ఒక సాయంత్రం

కమలాపురం దగ్గర పల్లెలో ఉండే మా అక్క పాలు పోసి సంసారం నడుపుతుంది. నిరుడు చూడముచ్చటగా ఉందని సంతలో కొన్న ఆవు, పిండబోతే తన్ని ఆమె మణికట్టు విరగ్గొట్టింది. దాన్ని అమ్మేశాక మిగిలింది ఒక్క ముసలి ఆవు. "ఈసారి గూడా తప్పితే పాడి ఇడ్సిపెడ్తానే" అంది అక్క. అందుకే ఒక మంచి పెయ్యను చూసే పని నేను తీసుకున్నాను. మైదుకూరు దగ్గర ఓబులమ్మ ఇంటి ఆవులు సాధువని విన్నాను.

కర్నూలులో పది గంటలకు కడప ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు ఛార్జీ లేదు. నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా రెండున్నరకు మైదుకూరు చేరాను. అక్కడి నుంచి పదకొండు కిలోమీటర్లకు ఆటో నూటయాభై. ఓబులమ్మ ఇంటికనగానే డ్రైవర్ నవ్వాడు. "దూడ కోసమా అక్కా? ఆయమ్మ పెండ్లి సంబంధం మాదిరి ఆరా తీస్తాది, చూసుకో."

అరవై దాటిన ఓబులమ్మ దగ్గర ఇరవై రెండు తెల్లావులున్నాయి. అన్నీ ఆమె అత్త పెంచిన ఒక్క ఆవు సంతతే. అవే పొట్టి కొమ్ములు, అదే గంగడోలు. ఏది తల్లో ఏది కూతురో నేను గుర్తుపట్టలేకపోయాను. నాలుగింటికి ఆమె నా చేతికి చెంబిచ్చి పిండమంది.

"నాకు అలవాటు లేదమ్మా."

"నీకు లేకుంటే యామి? దానికి ఉండాదిలే."

అవ్వ, తల్లి, కూతురు, మూడింటినీ పిండాను. ఒక్కటీ కాలెత్తలేదు. "కొత్త చెయ్యి పడితే తన్నేదాన్ని మా అత్త ఇంట్లో ఉంచుకోల్యా. మంచిదాని సంతును మళ్లా మంచిదాని సంతుకే కలిపినాం" అంది.

పెయ్యల్లో ఎత్తైనదాన్ని ఎంచుకుని, యాభై వేలకు ఒప్పుకుని బయానా తీశాను. "మీ అక్క ఊర్లో ఆంబోతు యాడిది?" అని ఓబులమ్మ అడిగింది. ఫోన్ చేస్తే, రెండేళ్ల కిందట ఓబులమ్మ ఇంటినుంచే తోలుకొచ్చారని అక్క చెప్పింది. ఓబులమ్మ ఆ బయానా డబ్బు తిరిగి నా చేతిలోనే పెట్టేసింది.

"ఇది దాని కూతురు. ఆడికి పోగూడదు."

"వేరే ఆంబోతుకు కట్టిస్తే?"

"అది ఊరంతా తిరుగుతాంటే నువ్వు కావలుంటావా తల్లీ? తాత, మనవరాలంటే సరే. పోలిక నిలుస్తాది. తండ్రికీ కూతురికీ మాత్రం వద్దు. ఒకసారి నేనూ ఆశపడినా. పుట్టిన దూడ లేసి నిలబడల్యా."

ఆమె కాస్త పొట్టి పెయ్యను విప్పి తెచ్చింది. అది ఆ ఆంబోతు మనవరాలు. దీనికి నలభై వేలే చెప్పింది.

కొనడానికి వచ్చిన నాకు చచ్చిపోయిన ఆ దూడ సంగతి ఆమె చెప్పనక్కర్లేదు. పోలిక నిలపడం ఆమె అత్త దగ్గర నేర్చుకుంది, ఎక్కడ ఆగాలో ఆ దూడ దగ్గర నేర్చుకుంది. ఆ రెండో పాఠాన్ని దాచుకోని మనిషి చేతి పెయ్య మీద నాకు నమ్మకం కుదిరింది. ఫోన్లో ఇదంతా విన్న అక్క, పెయ్య రంగూ ఎత్తూ ఏమీ అడగలేదు. "ఆయమ్మ ఇచ్చినదాన్నే తోలుకొని రా. కట్టుగొయ్య నాటిస్తాండా" అంది.

మీరూ ఇలా పెయ్య కోసం బయలుదేరుతుంటే, ముందుగా మీ ఊరి ఆంబోతు ఏ ఇంట్లో పుట్టిందో కనుక్కుని వెళ్లండి.