పెళ్లివారు తెచ్చిన పిడికెడు పసుపు

నేను అడిగింది ఒక్కటే మాట. దానికి ఇంతవరకు ఎవ్వరూ జవాబు చెప్పలేదు. వినబడలేదంటే నమ్మను, ఒక్కొక్కరి ముందర నిలబడి గట్టిగానే అడిగిన. లైసెన్సులిచ్చే ఆఫీసులో ఒకాయన చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి మరీ విన్నడు. మొత్తం విని, మళ్లా పెట్టుకున్నడు. నేనది మరిచిపోలేదు.

లాడ్ బజార్ పక్క గల్లీలో మాదొక చిన్న దుకాణం. పెళ్లి సామాను అమ్ముతం. గాజులు పక్కోళ్లవి, పసుపు, కుంకుమ, గంధం మావి. వాటితోపాటు నా భార్య చేసే నలుగు పిండి. పెసలు, శనగపప్పు, కచ్చూరాలు, ఎండిన గులాబీ రేకులు, నారింజ తొక్కలు వేసి పడుతది. మా అమ్మ కాలం నుంచి దీనికొక పద్ధతి ఉన్నది. పెళ్లి పిల్ల ఇంట్ల ముత్తయిదువలు దంచిన పసుపులోంచి ఒక పిడికెడు మా దగ్గరికి తెస్తరు. దాన్ని మా ఇంటి ఆడమనిషి తన చేత్తో పిండిలో కలిపి ఇస్తది. కలిస్తేనే అది ఆ పిల్ల నలుగు పిండి. లేకపోతే ఉత్త దుకాణం పిండి. ముస్లింలు దీన్నే ఉబ్టన్ అంటరు. మా గల్లీ చివర ఉండే ముసలామె మనవరాలి పెళ్లికి పసుపు మూట తెచ్చి, "మా ఇంటి హల్దీ పడకుంటే అది కైకా ఉబ్టన్ మియా?" అని నన్ను కొట్టినంత పని చేసింది.

లొల్లి మొదలైంది కొత్త సిటీలో. అక్కడొక పెద్ద దుకాణం వాళ్లు సాంపిల్ తెమ్మంటే తీసుకపోయిన. కౌంటర్ దగ్గరి మనిషి మా ప్యాకెట్‌ను చచ్చిన బల్లి తోకను పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకున్నడు.

"లైసెన్స్ నంబర్ ఏది అంకుల్?"

"పిండికి లైసెన్స్ ఏంది?"

"ఒంటికి రాసుకునేది కాస్మెటిక్ కిందికే వస్తది. ఇంట్ల చేత్తో చేసినా, చేసి అమ్మాలంటే లైసెన్స్ ఉండాలె."

చెప్పింది నిజమే, తర్వాత తెలుసుకున్న. అంకుల్ అన్నందుకు కూడా నాకేం కోపం లేదు, అతని జుట్టు నా జుట్టుకన్నా తెల్లగ ఉన్నా. కోపమంతా ఆ రెండు వేళ్ల మీదనే.

ఇంటికొచ్చి నా భార్యకు చెప్పిన.

"కొత్త సిటీల అమ్మకపోతే ఏమైతది?" అన్నది.

"వాడు రెండు వేళ్లతో పట్టుకున్నడు."

"అయితే అయింది ఇగ. లైసెన్స్ తెచ్చేదాక నన్ను నిద్రపోనియ్యవు."

వంటింట్ల చేస్తే ఒప్పుకోరన్నరు. చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ దగ్గర ఒక గది కిరాయికి తీసుకొని, గోడలకు టైల్స్, కిటికీలకు జాలీ పెట్టించిన. చదువుకున్న టెక్నికల్ మనిషి ఉండాలన్నరు. ఫార్మసీ చదివిన పిల్లను పెట్టుకున్న. ఆ పిల్ల నా భార్య చేతి గాజులు తీయించి, నెత్తికి టోపీ పెట్టించింది. "అద్దంల చూసుకుంటే ఐస్‌క్రీం బండోని లెక్క ఉన్న" అన్నది నా భార్య. అన్నది గాని టోపీ తీయలేదు. లైసెన్స్ ఆమె పేరు మీద అడిగినం, ఆమెకు అది బాగా నచ్చింది. ఇంతకుముందు ఆమె పేరు రేషన్ కార్డు మీద తప్ప ఎక్కడా లేదు.

ఆఫీసు నుంచి తనిఖీకి ఒక మేడం వచ్చింది. గది చూసింది, పిండి పట్టే చిన్న గిర్నీ చూసింది, లేబుల్ చదివింది. పిండిలో ఏమేం పడ్డయో, ఏ బ్యాచ్‌దో, ఎప్పటిదాక వాడొచ్చో అన్నీ ఉన్నయి. మేడం తల ఊపింది. తప్పు దొరకలేదు.

అప్పుడే మా పాత గిరాకీ ఒకామె లోపలికొచ్చింది. బిడ్డ పెళ్లి పెట్టుకున్నది. కొత్త గదిలో మొదటి పిండి పెళ్లి పిండి కావాలె, బోణీ మంచిగుంటదని ఆ రోజే రమ్మని పిలిచింది నేనే. చేతిలో ఉన్న స్టీలు డబ్బా నా భార్య దిక్కు చాపింది.

"అక్కా, పసుపు తెచ్చిన. కలుపు."

మేడం కళ్లద్దాలు సర్దుకున్నది. "అదేంటి?"

"మా ఇంటి పసుపు మేడం."

"పరీక్ష చేయించారా?"

"పరీక్షనా? మా అత్త దంచింది మేడం. ఆమె పసుపుకు పరీక్ష పెడితే నన్ను ఇంట్లకు రానిస్తదా?"

"లేబుల్ మీద రాసింది ఒకటి, లోపల ఉండేది ఇంకొకటి అయితే కుదరదమ్మా. మీ ఇంట్లో మీరే కలుపుకోండి."

"మేం కలిపితే ఏం ఫాయిదా? నా పెళ్లికి ఈ అక్క వాళ్ల అత్త కలిపింది. మా చెల్లె పెళ్లికి ఈ అక్క కలిపింది. ఆ చెయ్యి కావాలె మాకు."

నేను అడిగిన. గిరాకీ తెచ్చిన పసుపును, గిరాకీ ముందరనే, గిరాకీ కోసమే కలిపితే దాన్ని ఏ లెక్కన చూస్తరు? మేం తయారు చేసినట్టా, వాళ్లా? లేబుల్ మీద ఏం రాయాలె? మేడం నా ప్రశ్నను తన కాగితం మీద రాసుకున్నది. మంచి మనిషే, అది కూడా గుర్తు పెట్టుకున్న. "దీని గురించి నాకు తెలియదు. పైన అడిగి చెప్తా. అప్పటిదాకా కలపకండి" అన్నది.

లైసెన్స్ వచ్చింది. జవాబు రాలేదు. ఆఫీసుకు పోతే మేడం బదిలీ అయిందన్నరు. ఆమె కుర్చీలోకి వచ్చిన ఆయన, "లైసెన్స్ ఇచ్చినం కదా పెద్దమనిషీ, ఇంకేం కావాలె?" అన్నడు. నా ముందరనే ముగ్గురికి చాయ్ చెప్పిండు, నాకు చెప్పలేదు. ఇయర్‌ఫోన్ ఆయన ఈయనే.

"ఎవరు చూస్తరు, కలిపెయ్యి" అని ఒకసారి నేనే నా భార్యతో అన్న. ఆమె గోడకు పెట్టిన లైసెన్స్ ఫ్రేము దిక్కు చూపించింది. "పేరు నాది. జవాబు వచ్చేదాక ముట్ట. పిల్ల తల్లి పెట్టిపోయిన డబ్బా వాపస్ కూడా ఇయ్యకు, పెళ్లి పసుపు తిప్పి పంపితే ఆ తల్లి తట్టుకుంటదా?"

అందుకని డబ్బా దుకాణంలో గంధం పక్కన ఉన్నది. పిల్ల తల్లి బజారుకు వచ్చినప్పుడల్లా ఆగి డబ్బాను చూస్తది, నన్ను చూడది. పెళ్లి దగ్గరపడ్డది. నలుగు పెట్టే రోజు దాటినంక, ఆఫీసు సార్లూ, మీ జవాబు నాకు అక్కర లేదు. కలపమంటే నా భార్య టోపీ పెట్టుకొని కలుపుతది. వద్దంటే డబ్బా నేనే తీసుకపోయి ఇచ్చి, ఆ ఇంటి గడపలో నిలబడి తిట్లు తింట. ఏదో ఒకటి చెప్పున్రి. చెవిలోది తీసి, ఈసారి నోరు కూడా తెరువున్రి.