డోపమిన్ పెళ్లికొడుకు

కుదిరిన పెళ్లిని ఒక్క ముక్కతో ఎలా చెడగొట్టుకోవాలో మా బందరు మొత్తం మీద నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. చెప్తాను, నవ్వుకోండి. ప్రయత్నం మాత్రం చెయ్యకండి.

అప్పుడే సైకాలజీలో ఎం.ఏ. పూర్తి చేశాను. మనిషి చేసే ప్రతి పని వెనకా మెదడులో ఏదో ఒక రసాయనం ఉంటుందనీ, మిగతాదంతా ఉత్త కబుర్లేననీ నా గట్టి నమ్మకం. అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంటే ఓదార్చడం మానేసి హార్మోన్ పేరు చెప్పేవాణ్ణి. ఇంతటి మేధావికి గుడివాడలో టీచరుగా పనిచేసే గ్రేస్‌తో పెళ్లి కుదిరింది.

ఒకరోజు ఫోన్లో సిగ్గుపడుతూ అడిగింది. "నేనంటే మీకెందుకండీ ఇష్టం?"

మామూలు మనిషైతే "నీ నవ్వు" అని బతికిపోయేవాడు. నేను గొంతు సవరించుకుని, "డోపమిన్" అన్నాను.

"అంటే?"

"మెదడులో ఊరే రసాయనం. నిన్ను చూస్తే ఊరుతుంది. అంతే."

"వేరే అమ్మాయిని చూసినా ఊరుతుందా?"

ఇక్కడైనా ఆగాలి కదండీ! శాస్త్రానికి అన్యాయం జరగకూడదని, "సూత్రప్రాయంగా ఊరుతుంది. ఆ మాటకొస్తే బిర్యానీని చూసినా ఊరుతుంది" అన్నాను.

ఫోన్ కట్టయింది. కాసేపటికే కాబోయే మావగారు చేశారు. "బాబూ, మా అమ్మాయిని చూస్తే మీకేదో ఊరుతోందట. ముందు డాక్టరుగారికి చూపించుకోండి. పెళ్లి సంగతి తర్వాత చూద్దాం."

చదవేస్తే ఉన్న మతి పోవడం మామూలే. నాకు ఉన్న సంబంధం కూడా పోయేట్టుంది! అమ్మ నెత్తి కొట్టుకుంది. "ఆ అమ్మాయిని ముక్కలు ముక్కలుగా కాదురా, మొత్తంగా చూడు!"

అదీ నిజమే. సంపూర్ణ దృక్పథమని మా పాఠాల్లో ఉంది, నేనే దాన్ని వదిలేశాను. మర్నాడే గుడివాడ బస్సెక్కి, సరిగ్గా భోజనాల వేళకు చేరి, వాళ్లింట్లో అందరి ముందూ అందుకున్నాను.

"గ్రేస్, నువ్వు నచ్చడానికి కారణం ఒక్కటి కాదు. నీ పెంపకం, మీ వీధి, మీ చర్చి, మీ నాన్నగారి క్రమశిక్షణ, మీ అమ్మగారి చేపల పులుసు, వాళ్లమ్మగారు పడ్డ కష్టాలు..."

వంటింట్లో పులుసు చల్లారింది. మావగారు కునుకు తీశారు. నేనింకా గ్రేస్ పుట్టుక దాకా కూడా రాలేదు.

"ఇంతకీ మీరు చేసుకునేది నన్నా, మా వీధినా?" అంది గ్రేస్.

నా చదువంతా అక్కడితో పక్కన పెట్టేశాను. కళ్లు తడిశాయి. "ఎందుకో తెలీదు గ్రేస్. నువ్వు కాదంటే మాత్రం నేనేమైపోతానో..."

ఆమె ఫక్కున నవ్వి, వాళ్ల నాన్నను తట్టి లేపింది. "నాన్నా, నాకిష్టమే."

పెళ్లయ్యాక ధైర్యం చేసి అడిగాను. "ఆ రోజు ఎందుకు ఒప్పుకున్నావ్? నా నిజాయితీ చూసా? నా సమగ్ర వ్యక్తిత్వం చూసా?"

"ఆకలేసిందండీ. నేను ఒప్పుకుంటే గానీ ఎవరూ భోజనానికి లేచేలా లేరు."

కాబట్టి సమస్త మానవాళి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరు ఏ పని ఎందుకు చేశారో చచ్చినా వివరించను. భోజనాల వేళ అసలు నోరే విప్పను.