సూది ఆగిన ఊళ్లు

ఉదయం తొమ్మిది దాటాక వికారాబాద్‌లో తాండూరు ప్యాసింజరు ఎక్కాం. ఒక కొస నా ఆడబిడ్డ సుజాత, ఇంకో కొస నేను పట్టుకుని, పాత దుప్పట్లో చుట్టిన ఆమె కుట్టుపనిని సీటు మీద పడుకోబెట్టాం. టికెట్లు మనుషులకే కాబట్టి బతికిపోయాం.

ఏళ్ల తరబడి జాకెట్ల మీద పూలు కుట్టిన సుజాత, మొదటిసారి ఒక గోడకు సరిపడా బొమ్మ కుట్టింది. వికారాబాద్ నుంచి తాండూరు దాకా రైలు దారి, అనంతగిరి గుట్టలు, కంది చేలు, నాపరాళ్ల గనులు. తాండూరులో పప్పు మిల్లు సేటు కొత్త ఇంటికి అడిగాడు. నచ్చితేనే ఉంచుకుంటానన్నాడు. ఆ దిగులుతో ఆమె పొద్దున్నుంచి చాయ్ కూడా ముట్టలేదు. ఆమెది కూడా నేనే తాగాను.

ధారూర్‌లో సీతాఫలాల గంపతో ఒకావిడ ఎక్కి, మా చుట్టను చూసి, "చాప ఎంతకిస్తరు?" అంది. నాకు ఒళ్లు మండింది. కాదని చెప్పి ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు. అక్కడికక్కడే విప్పి పరిచాను.

"ఎందుకు విప్పినవ్ వదినా," అని సుజాత గొణిగింది. అప్పటికే రైలు పెట్టెలో జనమంతా మూగారు. గంప ఆవిడ కుట్టిన పట్టాల వెంట వేలు నడిపించి ఆగింది.

"మా ధారూర్ ఏది బిడ్డా?"

"ఆ జాగల కంది చేన్లు కుట్టిన, పెద్దమ్మా."

"రైలే ఆగుతది మా తాన. నీ సూది ఆగదా?"

సుజాత సంచిలోంచి సూది తీసింది. నలుగురు గుడ్డ బిగించి పట్టారు. తాండూరు వచ్చేలోపు కంది చేలో చిన్న స్టేషను, దాని ముందు గంపతో ఒక మనిషి బొమ్మ లేచాయి. కానీ రైలు కుదుపులకు కుట్లన్నీ వంకర పోయాయి. కొంప ముంచింది నేనేనని భయం పట్టుకుంది.

తాండూరులో సేటు బొమ్మను తన కొత్త ఇంటి గోడకు పెట్టించి, సరిగ్గా ఆ కుట్ల దగ్గరే చూశాడు. "గీడ గిట్ల వంకరేంది?"

"రైల్ల కుట్టిన, సార్," అంది సుజాత.

సేటు వాళ్లమ్మ కుర్చీలోంచి లేచొచ్చి ఆ కుట్లు తడిమింది. "ధారూర్ కాడ రైలు గిట్లనే ఊగుతది. ఉండనీయ్‌రా."

ఉండనిచ్చాడు. జొన్నరొట్టె, కందిపప్పుతో భోజనం పెట్టారు. పొద్దున్నుంచి ఏమీ ముట్టని సుజాత నాలుగు రొట్టెలు తింది. సంతోషంతో నా కళ్లు చెమర్చాయి, పప్పులో కారం కూడా కొంత కారణం.

సాయంత్రం తిరుగు రైల్లో ఎదుటి సీటు పెద్దాయనకు సుజాత ఫోన్లో బొమ్మ చూపించింది. ఆయన చాలాసేపు చూశాడు.

"మాది బంట్వారం. మా ఊరికి రైలు రాదు," అన్నాడు. "సూదన్న రానియ్యి బిడ్డా."

సుజాత ఖాళీ దుప్పటిని ఒళ్లోకి లాక్కుని సూదికి దారం ఎక్కించింది. "మీ ఊర్ల ఏమేమున్నయో చెప్పు, పెదనాయినా."

వికారాబాద్ వచ్చేసింది. ఆయన ఊరు ఇంకా సగమే అయింది. ముగ్గురం దిగి ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చున్నాం.