ఒక మిల్లీమీటరు తక్కువ

ల్యాబులో ఆవిడను అందరూ స్కేలమ్మ అంటారు. ఇరవై రెండేళ్లుగా ఆవిడ పని ఒక్కటే. రోగుల చెవుల్లోంచి తీసిన చీమును గాజు ప్లేటులో పెంచి, అందులోని క్రిముల మీద మందు అద్దిన కాగితపు బిళ్లలు పెడుతుంది. మర్నాడు ఏ బిళ్ల చుట్టూ ఎంత మేర క్రిములు లేకుండా పోయాయో స్కేలుతో కొలుస్తుంది. ఖాళీ వెడల్పుగా ఉంటే ఆ మందు పనిచేస్తుంది, లేకపోతే లేదు. దేవుడే దిగొచ్చి బతిమాలినా స్కేలమ్మ అర మిల్లీమీటరు ఎక్కువ రాయదని తోటివాళ్ల ఎగతాళి. ఆ మాటకు ఆవిడ నవ్వదు, కోప్పడదు.

ఆ రోజు ప్లేటు సొంత చెల్లెలిది. చెల్లెలు ఫోనులో జనం ఫిర్యాదులు వినే ఉద్యోగం చేస్తుంది. ఆరేళ్లుగా కుడిచెవి కారుతోంది. మందు దొరికితే సరి, లేకపోతే ఆపరేషనేనని, ఆ తర్వాత ఆ చెవి వినిపిస్తుందని మాటివ్వలేనని డాక్టరు చెప్పేశాడు.

ఆరు బిళ్లల చుట్టూ క్రిములు అంచుదాకా ఒత్తుగా పెరిగాయి. ఏడోదాని చుట్టూ పద్నాలుగు మిల్లీమీటర్ల ఖాళీ. పదిహేను ఉంటేనే పనిచేస్తుందని రాయాలి. కళ్లజోడు తుడుచుకుని, ప్లేటు తిప్పి మళ్లీ కొలిచింది. పద్నాలుగే. ఆ ఒక్కటీ కలిపితే అడిగే నాథుడు లేడు. కలపలేదు. గుండె గుభేలుమంటుందనుకుంది కానీ ఏమీ అనిపించలేదు. సంతకం పెట్టి తర్వాతి ప్లేటు అందుకుంది.

సాయంత్రం రిపోర్టు తీసుకుని చెల్లెలి ఇంటికి వెళ్లింది. చెల్లెలు వంటగట్టు తుడుస్తోంది.

"ఏ మందూ పనిచెయ్యదా అక్కా?"

"చెయ్యదు. ఆపరేషనే."

"నువ్వు చెప్పినట్టే వాడాను కదా. చెవి ఆరగానే ఆపేసేదాన్ని."

నిజమే, ఆపమన్నది స్కేలమ్మే. మందులు ఓడిపోవడం రోజూ చూసి చూసి, తక్కువ వాడితే పదికాలాలు పనికొస్తాయని పొదుపు చేయించింది. సగంలో ఆపితే మిగిలిన క్రిములు మొండికేస్తాయని బయటివాళ్లకు చెప్పే మనిషే, ఇంట్లో కంచే చేను మేసినట్టు చేసింది. తప్పు తనదేనని తెలుసు. ఏడుపు మాత్రం రాలేదు.

చెల్లెలు చేతులు తుడుచుకుంది. "పోనీలే. ఆపరేషనయ్యాక ఇచ్చే మందులు ఎన్నాళ్లు వాడాలో కూడా నువ్వే చెప్పు. నీకు తెలిసినంత ఎవరికి తెలుసు?"

స్కేలమ్మ రిపోర్టు ఆమె చేతిలో పెట్టింది.

"డాక్టరు చెప్పినన్నాళ్లు వాడు," అంది. "నన్ను అడగకు."