రెండో డబ్బా

కాల్చిన ఇనుప చువ్వను ప్లాస్టిక్ డబ్బా అడుగున గుచ్చితే ముందు కమురు వాసన వస్తుంది. దాని వెనకే పల్లినూనె కమ్మదనం. ఈ ఉదయం జనగామలో మా ఇంటి మెట్ల మీద కూర్చుని నీళ్లు పోయే బెజ్జాలు చేస్తుంటే, ఆ రెండు వాసనల మధ్య లచ్చవ్వ గుర్తొచ్చింది.

విలేకరిగా పెద్దవంగరలో ఉన్నప్పుడు ఆమె ఇంట్లో ఒక గదిలో అద్దెకుండేవాణ్ణి. చలికి వంగనారు ఎదగదని ఊరంతా మాఘం దాటేదాకా ఆగేది. ఆమె ఆగేది కాదు. ఐదు లీటర్ల నూనె డబ్బాను నడుముకు కోసి, ఒకవైపు అతుకు వదిలి, మన్ను నింపి, విత్తనాలు చల్లి, పైభాగాన్ని మళ్లీ దించి వాకిట్లో ఎండకు పెట్టేది.

"గిది ఏడ నేర్సినవ్ అవ్వా?" అన్నాను.

"నేర్సుడేంది? యాసంగి నారుమడికి చలి తగుల్తదని కవరు కప్తలేరా? గదే బుద్ధి. పేపరోనివి, గింత తెల్వదా?"

ఆమె విత్తేది ముళ్లవంకాయ. కాటారం దిక్కున్న తల్లిగారింటి నుంచి పెళ్లినాడు కొంగున ముడేసుకుని తెచ్చిన విత్తనం. అక్కడ ఇప్పుడు ఎవరింట్లోనూ లేదనేది. ఒక ఏడు విత్తనానికి వదిలిన కాయలన్నీ ముసురుకు మురిగిపోయాయి. పాతది చిటికెడు మిగిలింది. దాన్నీ రెండు పాళ్లు చేసి, ఒక పాలు నా అరచేతిలో పోసింది.

"ఇత్తనం ఒక్కింట్ల ఉండొద్దు కొడుకా. ఒకలది పోతే ఇంకొకల దగ్గర దొరకాలె."

నా దగ్గర నూనె డబ్బా లేదు. పొలం గట్టు మీద దొరికిన తెల్ల డబ్బాను సబ్బు నీళ్లతో మూడుసార్లు కడిగి విత్తాను. మొలకలొచ్చాయి. రెండాకులు విప్పాక పసుపెక్కి, అంచులు మాడి, నాలుగు రోజుల్లో అన్నీ ఒరిగిపోయాయి. లచ్చవ్వ డబ్బా ఎత్తి వాసన చూసింది.

"గడ్డిమందు డబ్బా గిది."

"మూడుసార్లు కడిగిన అవ్వా."

"కడిగినవా అని అడుగుతలేను. ముందుగాల ఇందుల ఏముండెనో ఎవర్నన్న అడిగినవా? ఊరందర్నీ అడుగుడే కదా నీ నౌకరి!"

ఆమె పోయి తన డబ్బా తెచ్చింది. అందులో బతికినవి తొమ్మిది మొక్కలు. నాలుగింటిని వేరు మన్నుతో సహా తీసి, ఇంకో నూనె డబ్బాలో నాటి, నా ముందుకు జరిపింది.

"నాకెందుకవ్వా? మళ్ల ఖరాబు చేస్త."

"చేస్తే చేస్తివి. ఒక్కింట్ల ఉండొద్దన్న కదా."

ఆ నాలుగూ కాశాయి. మరుసటేడు విత్తనంతోపాటే జనగామకు బదిలీ అయ్యాను. తర్వాత ఆమె మంచాన పడింది. నీళ్లు పోసే దిక్కులేక పెరడంతా ఎండిపోయింది. మహబూబాబాద్ దవాఖానకు చూడబోతే, నా ఆరోగ్యం అడగలేదు, తన బాధ చెప్పలేదు.

"ఉందా?" అన్నది.

"ఉందవ్వా."

కళ్లు మూసుకుంది. ఆమె మాట వినడం అదే ఆఖరు.

ఈసారి రెండు డబ్బాలు కోశాను. ఒకటి మా వాకిట్లో ఉంటుంది. రెండోది రేపు బస్సులో భూపాలపల్లి మీదుగా కాటారం పోతుంది, లచ్చవ్వ తమ్ముని ఇంటికి. రెండింటినీ ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. పల్లినూనే. అయినా డబ్బాలిచ్చిన హోటలాయనకు మళ్లీ ఫోను చేశాను.

"ఎన్నిసార్లు అడుగుతవే అన్నా? నూనె డబ్బాలే!" అని విసుక్కున్నాడు.

అప్పుడు విత్తాను.